ప్లీడరూ దొరసానీ

అన్నయ్యకి,

చెల్లెలు నమస్కారాలతో రాసేది. ఇక్కడ నేనూ అత్తయ్యా క్షేమంగా ఉన్నాం. దొరసాని కూడా క్షేమం. నీళ్ళ మీద నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం ఏవో రేవుల ముద్రలన్నీ వేయించుకుని, ఒక మూల నూనె మరకతో వచ్చింది. అత్తయ్య ఆ మరకని వాసన చూసి, "వీడు ఇంజను గదిలోనే కూర్చుని రాశాడే. ఒక్క పూటైనా పైకొచ్చి గాలి పీలుస్తాడా లేదా?" అంది. నేను చదువుతున్నంతసేపూ తను కుట్టుమిషను ఆపలేదు. ఆపితే ఏడుపొస్తుందని ఆపదు. నాన్న చెల్లెలు కదా, ఆ మొండితనం ఎక్కడికి పోతుంది?

నువ్వు అడిగినవాటికి నువ్వు అడిగిన వరసలోనే జవాబులు రాస్తాను. ప్రూఫులు దిద్దేదాన్ని, వరస తప్పితే నాకు తోచదు.

అత్తయ్య కళ్ళు బాగానే ఉన్నాయి. సూదిలో దారం మాత్రం నన్నే ఎక్కించమంటుంది. "కనపడక కాదే, నువ్వు ఆ పుస్తకంలోంచి తల ఎత్తుతావని" అంటుంది. బడి తెరిచే రోజులు కాబట్టి ఇల్లంతా పిల్లల చొక్కాలే. అన్నీ ఒకే బూడిద రంగు. కుర్చీల మీద, మంచం మీద, దండెం మీద. ఏ గదిలోకి వెళ్ళినా తలల్లేని పిల్లలు కూర్చుని ఉన్నట్టుంటుంది.

ప్రెస్సులో నా ఉద్యోగం స్థిరపడింది. ఫోర్‌మన్ గారు నన్ను 'డేగకన్ను' అంటున్నారు. పోయిన వారం ఒక లావుపాటి ప్రసంగాల పుస్తకంలో అందరి చేతులూ దాటి వచ్చిన తప్పు ఒకటి పట్టుకున్నాను. "ఈ అమ్మాయి రేపు తన పెళ్ళిపత్రిక కూడా ఎర్రసిరా పట్టుకునే చదువుతుంది" అన్నారు. అందరూ నవ్వారు. నేను ప్రూఫు కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. కానీ ఆయనన్నది నిజమే. తప్పు కనబడితే చెయ్యి దానంతటదే దాని మీదికి పోతుంది. ఈ మాట గుర్తుంచుకో. మళ్ళీ ఇక్కడికే వస్తాను.

పాత వాటా పూర్తిగా ఖాళీ చేశాను. అమ్మ మంచం తేలేదు. ఇక్కడ చోటు లేదు. అది కారణం కాదనుకో.

ఇక నీ ఆఖరి ప్రశ్న. దాన్ని నువ్వు నవ్వుతూ రాశావు. "దొరసాని మన ప్లీడర్ని ఇంకా భోంచెయ్యలేదు కదా? పిల్లినీ గోరింకనీ ఒక కప్పు కింద ఎలా కలిపావే? నేనొచ్చేదాకా వాణ్ణి కనిపెట్టుకుని ఉండు. నేను గుమ్మం ఎక్కగానే అమ్మ గొంతుతో 'బూట్లు బయట!' అని వాడు అరవాలి. అది వింటే చాలు నాకు."

ముందు ఎలా కలిపానో చెబుతాను. అది రాయడం తేలిక.

ప్లీడర్ని తెస్తానన్నప్పుడే అత్తయ్య వద్దంది. "పిల్లి ఉన్న కొంపలోకి పిట్టని తేవడమేంటే? పులి నోట్లో తలపెట్టి దాని పళ్ళు లెక్కపెడతానన్నట్టుంది" అంది. నేను పంజరం ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. నాకు వాదించడం రాదు, కూర్చోవడం వచ్చు. పొద్దు వాలాక ఆవిడే బయటికి వచ్చింది. "వదిన చేత్తో పెంచింది. వీధిలో పెట్టలేం కదా. లోపలికి రా, దోమలు" అంది.

పక్షుల దుకాణం ముసలాయన్ని అడిగాను. అమ్మకి ప్లీడర్ని ఇచ్చింది ఆయనే. అప్పుడది రెక్కలైనా సరిగా రాని పిల్ల, నోరు మాత్రం కోర్టంత, అందుకే అమ్మ ఆ పేరు పెట్టిందని ఆయనకి ఇంకా గుర్తుంది. "తొందర పడకమ్మా" అన్నాడు. "ఇద్దరు తోడికోడళ్ళని ఒక వంటింట్లో కలిపినట్టు కలపాలి. ముందు ఒకరి సంగతి ఒకరికి తెలియాలి. తర్వాత దూరం నుంచి చూసుకోవాలి. ఇద్దర్నే ఇంట్లో వదిలి మాత్రం వెళ్ళకూడదు." గుమ్మం దిగుతుంటే మళ్ళీ పిలిచాడు. "పిల్లి మంచిదేనా అని నన్నడగకు. ఎంత మంచిదైనా పిల్లి పిల్లే. నీ పంజరం కొక్కెం మంచిదా కాదా, అది చూసుకో."

ఆయన చెప్పినట్టే చేశాను. కొన్నాళ్ళు ప్లీడరు వెనకగదిలో, దొరసాని ముందుగదిలో. పంజరం అడుగున పరిచే గుడ్డని తీసి దొరసాని పళ్ళెం కింద వేసేదాన్ని. దొరసాని పడుకునే గోనెపట్టాని తెచ్చి ప్లీడరుకి కనబడేలా గోడవార పెట్టేదాన్ని. ముందు వాసనల పరిచయం. ఆ తర్వాత ముందుగదిలో, పక్కన ఎక్కి దూకడానికి ఏమీ లేని మూల చూసి, పంజరాన్ని ఎత్తుగా వేలాడదీశాను. మూడు వైపులా ముసుగు వేశాను. తలుపు తీసి దొరసానిని రానిచ్చాను.

అది వచ్చి కింద కూర్చుంది. ఒళ్ళంతా కదలడం మానేసింది, తోక కొస తప్ప. ప్లీడరు ఈకలన్నీ ఒంటికి అంటించుకుని సగానికి సగం చిక్కిపోయింది. దొరసాని ఒక్క అడుగు ముందుకి వేసింది. అప్పుడు ప్లీడరు అరిచింది. "బూట్లు బయట!"

అమ్మ గొంతే. అమ్మ ఆరోగ్యంగా, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఉన్నప్పటి గొంతు. దొరసాని వెనక్కి గెంతి మిషను కిందికి దూరింది. అత్తయ్య నోట్లో గుండుసూదులు ఉన్నాయి, నవ్వలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సూదులన్నీ తీసి పెట్టుకుని, "చూశావా, మా వదినంటే పిల్లికి కూడా హడలే!" అంది.

నువ్వు వినాలనుకున్న ఆ మాట నేను వినడం అదే ఆఖరుసారి. అంతకుముందు కూడా చాలాకాలంగా ప్లీడరు ఆ మాట అనడం మానేసింది. ఇంటికి బూట్లతో వచ్చేవాళ్ళు లేకపోతే ఎందుకంటుంది?

తర్వాత ఆ రెంటికీ ఏదో ఒప్పందం కుదిరింది. దొరసాని పంజరం కిందే పడుకునేది. పైనుంచి పండుముక్క రాలితే వాసన చూసి, ఇదేం తిండి అన్నట్టు మొహం తిప్పుకునేది. అత్తయ్య దానికి చేపముక్కలు పెట్టేటప్పుడు పళ్ళెం మీద గరిటెతో కొట్టి, "దొరసానీ, రావే తల్లీ, రా రా!" అని పిలుస్తుంది. వీధి చివరిదాకా వినిపించే పిలుపు. ప్లీడరు దాన్ని గరిటె చప్పుడుతో సహా నేర్చుకుంది. అది పిలిస్తే దొరసాని ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి, ఖాళీ పళ్ళేన్నీ అత్తయ్యనీ పంజరాన్నీ మార్చి మార్చి చూసేది. పక్కింటివాళ్ళు కూడా చూడటానికి వచ్చేవారు. "నా గొంతు ఇంత బావుంటుందని నాకే తెలీదు" అని అత్తయ్య మురిసిపోయింది.

అది దానంతటది నేర్చుకుందని అందరూ అనుకున్నారు. నేర్పింది నేను.

అత్తయ్య కుట్టిన చొక్కాలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా పంజరం ముందు నిలబడి, గరిటె పుచ్చుకుని, ఆవిడ గొంతు తెచ్చుకుని అరిచేదాన్ని. నేను గట్టిగా మాట్లాడటం నువ్వెప్పుడైనా విన్నావా? బడిలో హాజరు పలకడానికి కూడా చెయ్యి ఎత్తేదాన్ని. ప్లీడరు ముందు అరిచాను. దానికొక కొత్త మాట కావాలి అన్నయ్యా. పాతమాటని కప్పెట్టేంత గట్టి మాట.

పాతమాట ఇది. తలుపు చప్పుడైతే చాలు, ప్లీడరు "వచ్చాడా?" అనేది.

కాన్వెంటులో పాపాలు చెప్పుకునే చెక్కగది ఉండేది, నీకు చెప్పాననుకుంటాను. ఆ మతం కాని పిల్లల్ని లోపలికి పంపేవారు కాదు. మేం బయట బెంచీ మీద కూర్చుని ఉండేవాళ్ళం. లోపలికి వెళ్ళొచ్చిన పిల్లలు బరువు దింపుకున్నట్టు వచ్చి తోసుకుంటూ ఆటకి పోయేవారు. నాకు వాళ్ళని చూస్తే అసూయగా ఉండేది. అప్పుడు నా దగ్గర చెప్పుకోవడానికి ఏమీ లేదు కూడా.

అమ్మకి జ్వరం తగ్గుముఖం పట్టిందని నీకు రాశాను. తగ్గలేదు. నిద్రలోనే పోయిందని రాశాను. కాదు. ఆఖరి రోజుల్లో ఎవర్నీ అడగలేదని, దేని మీదా బెంగ పెట్టుకోలేదని రాశాను. ఓడవాళ్ళు వదలలేదు కాబట్టి నువ్వు రాలేకపోయావని అత్తయ్యకి చెప్పాను. నీకు కబురే పంపలేదని ఆవిడకి ఈ రోజుకీ తెలియదు.

మంచం పట్టగానే అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. "వాడికి రాయకు. మధ్యలో దిగి వచ్చేస్తే మళ్ళీ ఎక్కనివ్వరు. రెండ్రోజులు పోతే నేనే లేచి తిరుగుతాగా" అంది. నేను రాయలేదు. చెప్పినమాట వినే పిల్లనని కదా నాకు పేరు. అమ్మ నోటితో అలా అన్నదే గాని చెవులు మాత్రం తలుపుకి ఒప్పగించేసింది. పాలవాడు వచ్చినా, గాలికి గడియ కదిలినా, "వచ్చాడా?" అనేది. నేను "వస్తున్నాడమ్మా" అనేదాన్ని. ఆవిడ నమ్మేది. నమ్మి ఆగేది. ఏ బలంతో ఆగుతోందో అర్థం కావడం లేదని డాక్టరుగారు అన్నారు. నాకు తెలుసు.

చివరికి గొంతు పడిపోయింది. పెదాలు కదిలేవి, మాట వచ్చేది కాదు. అప్పటికి ప్లీడరుకి ఆ మాట వచ్చేసింది. తలుపు చప్పుడైతే కిటికీ పక్కనుంచి అదే అడిగేది, అమ్మ గొంతుతో, చివర ఆయాసంతో సహా. అమ్మ నా మొహంలోకి చూసేది, జవాబు కోసం. అడిగేది ఒకరు, ఎదురుచూసేది ఒకరు. నేను ఇద్దరికీ "వస్తున్నాడు" అనేదాన్ని. అమ్మ పోయింది పట్టపగలు, తలుపు వైపు తిరిగి. ఎవరో అద్దె ఇంటి కోసం వాకబు చేస్తూ తలుపు తట్టారు. ప్లీడరు అడిగింది. నేను జవాబు చెప్పేలోగా అయిపోయింది.

ఆ వారం నీ ఓడ మరమ్మతు కోసం పక్క రేవులోనే ఆగి ఉందట. "పనేమీ లేదు, కూర్చుని పేకాడుతున్నాం" అని రాశావు. అమ్మని సాగనంపి వచ్చాక నాకు అందిన మొదటి ఉత్తరం అదే. రైలెక్కితే వచ్చేవాడివి.

అత్తయ్య ఈ ఇంట్లో ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మిషను ఆపేసింది. చక్రం మీంచి చెయ్యి తియ్యకుండానే, "వాడు రానీ, విననీ" అంది. "విని ఏడుస్తాడు. ఏడవనీ. ఏడవాల్సినవాళ్ళు ఏడవకపోతే ఇంట్లో చెమ్మ ఆరదే." ఆవిడకి నువ్వు ఏడవడమే కనిపించింది. నాకు మాత్రం నువ్వు ఏడుపు ఆపి, నా వైపు తిరిగి, 'అమ్మ అన్నాళ్ళు అడిగితే నాకెందుకు రాయలేదు?' అనడం కనిపించింది. నీకు బాధ తప్పించాలని చేశానని నాకు నేను చెప్పుకున్నాను. ప్రూఫులో ఆ వాక్యం వస్తే కొట్టేసేదాన్ని. నాకోసం చేశాను.

కొత్తమాట వచ్చింది గాని పాతమాట పోలేదు. ప్లీడరు రెండూ అనేది, ఒకదాని వెనక ఒకటి. అత్తయ్య గొంతుతో పిల్లిని పిలిచేది, తలుపు కదిలితే అమ్మ గొంతుతో నిన్ను అడిగేది.

తర్వాత నువ్వు సెలవు మీద వస్తున్నానని ఉత్తరం వచ్చింది.

పక్షుల ముసలాయనకి తిరిగి ఇచ్చేద్దామా అనుకున్నాను. ఇచ్చేస్తే నువ్వు ఎక్కడని అడుగుతావు, వెళ్ళి తెచ్చుకుంటావు. ఆ మర్నాడు పొద్దున్న అత్తయ్య ప్లీడరుకి పండు పెట్టి, చొక్కాల మూట భుజాన వేసుకుని బడికి వెళ్ళింది. నేను పంజరంలో నీళ్ళు మార్చి తలుపు మూశాను. కొక్కెం సగమే పడింది. చూశాను. చెయ్యి దాని మీదికి పోయింది, నేను వెనక్కి తీసుకున్నాను. దొరసాని కిటికీలో ఎండ కాచుకుంటోంది. పిల్లి ఉన్న ఇల్లు, ఇక ఎవరూ ఏమీ అడగరు. అందరూ ముందే హెచ్చరించారు కదా అనుకున్నాను. ఇది తర్వాత తోచిన ఊహ కాదు, అప్పుడే అనుకున్నాను. చెప్పులు వేసుకుని తలుపు లాగాను. ఆ చప్పుడికి లోపల్నించి "వచ్చాడా?" అంది. తాళం వేశాను.

ప్రెస్సులో ఆ పూట నాకు ఒక్క తప్పూ కనపడలేదు. "డేగకి కునుకు పట్టిందేం?" అన్నారు ఫోర్‌మన్ గారు. ఒంట్లో బాగాలేదని చెప్పి లేచి రావచ్చు. ఇల్లు ఎంత దూరమని? రాలేదు. ఇదీ నీకు తెలియాలి.

మిగిలింది అత్తయ్య చెప్పింది. "వీధిలో ఉండగానే లోపల్నించి నా గొంతు నాకే వినిపించిందే. 'దొరసానీ, రావే తల్లీ' అని. పంజరంలోంచి కాదు, దగ్గర్నించి వచ్చినట్టుంది. గబగబా తాళం తీశాను. ప్లీడరు నా మిషను మీద కూర్చునున్నాడు. ఈ దొరసాని కింద చొక్కాల కుప్ప మీద ఉంది. ఇంకెప్పుడైనా అయితే ఎగిరిపోయేవాడే. తలుపు తియ్యగానే నా వైపు తిరిగి 'వచ్చాడా?' అన్నాడు. ఆ తిరగడంలో దీన్ని చూసుకోలేదే."

దొరసానిని మనం ఏమీ అనడానికి లేదు. పిలిచారు, వచ్చింది.

మిగిలినదాన్ని బూడిదరంగు చొక్కా గుడ్డలో చుట్టి పెరట్లో పాతాం. పైన క్షేమసమాచారంలో ప్లీడరు పేరు లేకపోవడం నువ్వు గమనించే ఉంటావు. అత్తయ్య, "పొద్దున పండు పెట్టింది నేనే. కొక్కెం సరిగా వేసి ఉండను. కళ్ళు కనపడక చచ్చాను" అని తల కొట్టుకుంది. నేను పక్కనే ఉండి ఆ తప్పు ఆవిడ మీదే ఉండనిచ్చాను. అందుకే ఆవిడ కళ్ళు బాగానే ఉన్నాయని పైన రాశాను. అవి నిజంగా బాగానే ఉన్నాయి. ఆ రోజు నుంచీ ఆవిడ పిల్లిని పిలవడం మానేసింది. పళ్ళెం చప్పుడు కాకుండా కింద పెట్టి వచ్చేస్తుంది. దొరసాని తినదు. ఖాళీ పంజరం కింద కూర్చుని పైకి చూస్తుంది, పిలిస్తే తిందామని.

మాట కూడా పెరట్లోకి వెళ్ళిపోయిందనే అనుకున్నాను. మొన్న చొక్కాల కోసం బడి జవాను వచ్చి తలుపు తట్టాడు. "వచ్చాడా?" అని వినిపించింది. అమ్మలాగే, చివర ఆయాసంతో. అత్తయ్య చేతిలోంచి కత్తెర జారిపడింది. పంజరం వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. అన్నది నేనే.

అందుకే ఈ ఉత్తరం. ఆ మాట నీకు చేరవెయ్యడానికి ఇక నేను తప్ప ఎవరూ లేరు. అమ్మ నిన్ను అడిగింది అన్నయ్యా. చివరిదాకా అడిగింది. నువ్వు రాలేకపోవడం కాదు, నిన్ను పిలవలేదు. ఇది పెట్టెలో వేసి ఇంటికి వెళ్ళి, కొక్కెం సంగతీ నీకు కబురు పంపని సంగతీ అత్తయ్యకి చెబుతాను. ఆవిడ ఏమంటుందో తెలియదు. మిషను మాత్రం ఆపుతుంది.

ఇది నీకు ఆఖరి రేవులో అందుతుంది. అక్కణ్ణించి ఇటు రావాలో వద్దో నీ ఇష్టం. వస్తే తలుపు తట్టు. ఎవరూ ఏమీ అడగకుండా నేను నోరు నొక్కుకుంటాను. అత్తయ్య తీస్తుంది. నేను వెనకగదిలో ఉంటాను, దాని కిటికీలోంచి గుమ్మం కనబడుతుంది. బూట్లు బయట విప్పమని అరిచేవాళ్ళు లేరు. అయినా నువ్వు విప్పితే, అవి అక్కడ కనబడితే, నేను ముందుగదిలోకి వస్తాను. కనబడకపోతే నువ్వు అత్తయ్యని చూడటానికే వచ్చావని అర్థం చేసుకుంటాను. ఆవిడకి సూదిలో దారం ఎక్కించి వెళ్ళు.

ఇట్లు,
తలుపు వైపు చెవి పెట్టుకుని ఉన్న
నీ చెల్లెలు